అనీసా విప్పిన ముడి

భద్రాచలం బస్టాండు దాటి చర్ల రోడ్డులో కొంచెం ముందుకు పోతే ఎడమ పక్క సందులో షుకూర్ టైలర్ షాపు. ముందు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు. బోర్డు మీద పేరు షుకూర్‌దే అయినా, వచ్చేవాళ్లలో సగం మందికి కావలసింది ఆయన భార్య అనీసా. బట్ట కుట్టడం షుకూర్ పని. కుట్టిన బట్ట వానకు నాని, పెట్టెలో నలిగి, మరకపడి చెడిపోతే దాన్ని మళ్లీ మనిషి ఒంటిమీదికి ఎక్కించడం అనీసా పని. ఆమె చేతికిచ్చిన బట్ట బాగుపడకుండా తిరిగిరాదని సందులో అందరూ అనేవాళ్లు. ఆ మాట చెవిన పడితే అనీసాకు లోపల్లోపల బాగానే ఉండేది.

ఆమె పుట్టిల్లు ఖమ్మం. తండ్రి రేకుల పనివాడు. గరాటలు, బియ్యం డబ్బాలు, ట్రంకు పెట్టెలు చేసేవాడు. బడి వదలగానే అనీసా వచ్చి ఆయన పక్కన కూచుని రేకు కత్తెర అందుకునేది. ఆడపిల్లవు, చెయ్యి కోసుకుంటవని తల్లి మొత్తుకున్నా వినేది కాదు. కోసుకునేది కూడా. ఆ గాట్లు ఎడమ చేతి వేళ్ల మీద ఇప్పటికీ ఉన్నాయి. ఆ రేకు పని పెళ్లయిన ఇన్నేళ్లకు, ఎవరూ అనుకోని చోట, మెడకు కట్టే టైల దగ్గర అక్కరకొచ్చింది.

ఊళ్లో ప్రైవేటు బడులు పెరిగాక సార్లకు టై తప్పనిసరి అయింది. పిల్లలవి రబ్బరు పట్టీ టైలు, వాటితో బాధ లేదు. సార్లవి అసలైనవి. ముసురు పట్టిందంటే తడిసి ఆరిన టై ఎండిన చిక్కుడుకాయలా మెలికలు తిరిగేది. పైనుంచి ఇస్త్రీ పెట్టె మోపితే ఇంకా అన్యాయం. అంచులు అణిగిపోయి అట్టముక్కలా తయారై, లోపలి కుట్టు గీత పైకి తేలేది. అట్లా కొన్ని టైలు పాడుచేసి మాటపడ్డాక, అనీసా ఒక మధ్యాహ్నం తండ్రి ఇచ్చిన కత్తెర బయటికి తీసింది. టై ఆకారంలోనే, టై కంటే కొంచెం సన్నగా, రెండు అల్యూమినియం రేకులు కోసింది. బట్టకు గీసుకోకుండా అంచులు నున్నగా రాకింది. రెండింటికీ నడుమ చిన్న మర పెట్టింది. ఆ రేకుల్ని టై వెనక సందులోంచి లోపలికి దూర్చి మర తిప్పితే అవి చెరో పక్కకు జరిగి బట్టను లోపలినుంచే బిగువుగా పట్టుకుంటాయి. అప్పుడు నీళ్లు మరిగే తపేలా మీద ఆవిరి పట్టి, ఫ్యాను కింద వేలాడదీస్తే చాలు. ఇస్త్రీ పెట్టె తాకకుండానే టై కొన్ననాటి రూపానికి వచ్చేది.

దానికి సాంచా అని పేరు పెట్టుకుంది. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునే ఉర్దూలో అచ్చుకు ఆ మాటే. "ఎంత మొండి టై అయినా నా సాంచా ఎక్కితే దారికి రావాల్సిందే" అని నవ్వేది. షుకూర్ ఆ మాటను వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పేవాడు.

పోయిన వానాకాలం మంగ్లి ఆ షాపు మెట్లెక్కింది. లచ్చిరాం సారు తల్లి. వాళ్లది తల్లాడ దగ్గర తండా. లచ్చిరాం ఇక్కడ ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాడు. వెనక సందులో కిరాయికి ఉంటున్నాడు. భార్య మోతీ చర్ల అవతల అడవి పల్లెల్లో నర్సుగా తిరిగేది. రెండు వానాకాలాల కింద అక్కడే మలేరియా తగిలింది. వాగు పొంగి బండి దాటలేదు. పెద్ద దవాఖానాకు తెచ్చేసరికి ఆలస్యమైపోయింది. పిల్లలు లేరు. అప్పటినుంచి కొడుక్కు వండిపెట్టడానికి మంగ్లి తండా విడిచి వచ్చింది. ఇదంతా సందులో అందరికీ తెలుసు, అనీసాకూ తెలుసు.

మంగ్లి కొంగు చాటునుంచి ఒక నీలం టై తీసింది. ఎర్ర గీతలున్న నీలం టై. మెడలోంచి తీసి తగిలించినట్టే ముడితో ఉంది. గోడ తేమకు బూజు పట్టి, తోక మెలిక తిరిగిపోయింది.

"మా లచ్చిరాంది బిడ్డా. పేపర్లు దిద్దేటందుకు ఖమ్మం పోయిండు. వాడొచ్చేలోపల జర మంచిగ చేసి పెట్టు. చూస్తే ఖుషీ అయితడు."

"రేపటికి కొత్తదైతది పెద్దమ్మా, నువ్వు పో" అంది అనీసా.

మంగ్లి వెళ్లాక టైని చేతిలో తిప్పి చూసింది. ముడి రాయిలా బిగుసుకుపోయి ఉంది. చెమట, నూనె, దుమ్ము పట్టి పైన మెరుపెక్కింది. వేళ్లతో కాలేదు. క్రోషియా సూది తెచ్చి ఒక మడత కింద దూర్చి లాగింది. కొంచెం కదిలింది. లోపలి బట్ట కనబడింది. పైనంతా వెలిసిపోయిన నీలం, లోపల మాత్రం నిండు నీలం. ఎన్నో రోజులుగా వెలుతురు చూడని బట్ట. ఈ ముడిని ఎవరో విప్పకుండా ఉంచుకున్నారు అని ఒక ఆలోచన అప్పుడే వచ్చింది ఆమెకు. ఎందుకు ఉంచుకున్నారో అడిగి విప్పుదామా అని కూడా వచ్చింది. మంగ్లి ఇంకా సందు మలుపు కూడా తిరిగి ఉండదు. గట్టిగా పిలిస్తే వినబడే దూరం.

కానీ చేతిలో మొండి ముడి ఉంది. పక్కనే నీళ్లు మరుగుతున్నాయి. అనీసా మళ్లీ సూది దూర్చింది. ముడి ఒక్కసారిగా వదులై టై అంతా ఆమె ఒళ్లో పొడుగ్గా పరుచుకుంది. "చూసినవా, నాతోని పెట్టుకుంటే" అని దానితో అన్నది కూడా. తర్వాత బూజు తుడిచింది, సాంచా ఎక్కించింది, మర బిగించింది, ఆవిరి పట్టింది. సాయంత్రానికి ఆ టై మీద ఒక్క మడత లేదు, ఒక్క మెలిక లేదు. ఆమె చేసినవాటిలోకెల్లా అది బాగా వచ్చింది.

మరుసటి రోజు మధ్యాహ్నం షుకూర్ ఫోను మోగింది. లచ్చిరాం. షుకూర్ మిషను మీద ఉండి అనీసాకిచ్చాడు.

"అక్కా, మా అమ్మ నా టై మీ దగ్గరికి తెచ్చిందంట?"

"అవ్ సార్."

"ముడి... ముడి విప్పలే కదా?"

ఆయన గొంతు పరుగెత్తి వచ్చినవాడి గొంతులా ఉంది. అనీసా ఎదురుగా, ఫ్యాను గాలికి, టై తిన్నగా వేలాడుతోంది.

"లే సార్" అంది. "ముడి గట్లనే ఉన్నది."

అవతల పెద్ద ఊపిరి వినబడింది. "అల్లా దయ అక్కా, మీ దేవుడి పేరే చెప్తున్న. నాకు టై కట్టుడు రాదు. రోజు మోతీనే కట్టేది. ఆఖరుసారి చర్ల పోయే రోజు పొద్దున కట్టి పోయింది. గప్పటిసంది విప్పలే నేను. వదులు చేసి తల మీదికెళ్లి తీస్త, మళ్ల తగిలించుకుంట. అమ్మకు చెప్పలే. నవ్వుతరని ఎవ్వరికి చెప్పలే. రేపు సాయంత్రం వచ్చి తీసుకుంట, మీరు ముట్టకండి."

అనీసా ఫోను పెట్టేసింది. షుకూర్ ఏమైందని అడిగితే అంతా చెప్పింది.

"విప్పిన అని చెప్పకపోయినవా?" అన్నాడాయన.

"నోరు రాలే."

ఎందుకు రాలేదో ఆమెకే తెలియదు. ఆయన బాధ చూడలేక అబద్ధమాడానని మొదట అనుకుంది. తర్వాత, మాటపడతానని భయపడి ఆడానేమో అనిపించింది. రెండూ నిజమే కావచ్చు. ఏదైనా, మాట అనేసింది. ఇప్పుడు దాన్ని నిలబెట్టడం ఒకటే మిగిలింది.

మర్నాడు పొద్దున షాపు తలుపు సగం వేసి మొగుడూ పెళ్లాలు కూచున్నారు. ఫోనులో లచ్చిరాం నంబరు పక్కన ఆయన బొమ్మ ఉంది. బడి వార్షికోత్సవం రోజు మోతీ, ఆయనా నవ్వుతూ తీసుకున్న సెల్ఫీ. మెడలో అదే టై. అనీసా ఆ బొమ్మను వేళ్లతో పెద్దది చేసి ముడి ఎటు వాలిందో చూసింది. మామూలుగానైతే పాత మడతల గీతల్నిబట్టి ముడిని మళ్లీ కట్టొచ్చు. ఆ గీతలన్నీ సాంచా తుడిచేసింది. ఇంకో టై అయితే సాంచా ఇంత బాగా పనిచేసేది కాదేమో అనిపించి అనీసాకు తన చేతుల మీద తనకే కోపమొచ్చింది. రంగు మాత్రం మిగిలింది. నిండు నీలం లోపలికి పోవాలి, వెలిసిన నీలం పైకి రావాలి. షుకూర్ తన మెడ ఇచ్చాడు. కట్టింది, విప్పింది, మళ్లీ కట్టింది. చివరికి బొమ్మలో ఉన్నట్టే వచ్చింది.

వచ్చింది కానీ మరీ శుభ్రంగా ఉంది. అప్పుడు అనీసా తలకు రాసుకునే కొబ్బరినూనె బొటనవేలికి అంటించుకుని, మిషను కింది దుమ్ములో అద్ది, ముడి మీద మెల్లగా రుద్దింది. పాత మెరుపు వచ్చేదాకా రుద్దింది. షుకూర్ ఆమె ముఖం వంక చూడకుండా లేచి బయటికి పోయాడు.

సాయంత్రం లచ్చిరాం సంచి కూడా దించకుండా బస్టాండు నుంచి తిన్నగా షాపుకే వచ్చాడు. టైని రెండు చేతులతో అందుకున్నాడు. ముడి మీద వేలు పెట్టి కాసేపు నిలబడ్డాడు. కళ్లు నిండాయి.

"ముడి కదలకుంట బూజు ఎట్ల తీసిండ్రక్కా? మీ చెయ్యి చల్లగుండ."

చెయ్యి చల్లగుండ అన్న ఆ మాట అనీసాకు నిప్పు తగిలినట్టు తగిలింది.

ఆ తర్వాత ఆయన పొద్దున బడికి పోయేటప్పుడు షాపు ముందునుంచే పోయేవాడు. ఆగి "బాగున్నరా అక్కా" అనేవాడు. మంగ్లి మొక్కజొన్న కంకులు తెచ్చేది, జొన్నరొట్టెలు తెచ్చేది. "నా కొడుకు మళ్ల మనిషైండు బిడ్డా" అనేది. ఆ రొట్టె అనీసా నోట్లో పెట్టుకుంటే దిగేది కాదు. నమాజుకు కూచుంటే చేతులు చాచినప్పుడల్లా నూనె అంటిన బొటనవేలే కళ్లముందుకొచ్చేది. ఎవరైనా టై తెస్తే ఆవిరి పొయ్యి చెడిపోయిందని పంపించేసేది. ఒక అబద్ధం నిలబడాలంటే ఇన్ని చిల్లర అబద్ధాలు కావాలా అని ఆమెకు ఆశ్చర్యంగా ఉండేది.

"చెప్పేస్త" అంది ఒకరోజు షుకూర్‌తో.

"చెప్తే నీ బరువు దిగుతది. దింపి ఆయన నెత్తిన పెడ్తవు" అన్నాడు షుకూర్. "బొమ్మ చూసుకుంట నా మెడల కట్టినవు గదా, నాది గూడ తప్పే. నేను మోస్తలేనా? నువ్వు గూడ మొయ్యి."

ఆ మాటకు కొన్నాళ్లు ఆగింది.

ఒక మధ్యాహ్నం వాన దంచి కొడుతుంటే బడి వదిలి లచ్చిరాం తడుస్తూ షాపులోకి వచ్చాడు. షుకూర్ దారం కోసం బజారుకు పోయాడు. గిరాకీ లేదు. అనీసా తువ్వాలు ఇస్తే ఆయన మొదట టై తుడుచుకుని తర్వాత తల తుడుచుకున్నాడు.

"నవ్వకుర్రి అక్కా" అన్నాడు. "పొద్దున ముడి పట్టుకుని పైకి జరుపుకునేటప్పుడు రోజు ఏదో ఒకటి చెప్త ఆమెకు. పిల్లగాళ్లు లెక్కలు ఎట్ల చేసిండ్రో, అమ్మ ఏం వండిందో. ఆమె వేళ్లు కట్టిన చోటే గదా ఇది. తాకినట్టే ఉంటది."

చెప్పాలని అనీసా అప్పుడు అనుకోలేదు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"సార్, గది ఆమె కట్టింది కాదు."

ఆయనకు అర్థం కాలేదు. "ఏంది?"

"నేను విప్పిన. మీరు ఫోన్ చేసేసరికే విప్పిన. మళ్ల నేనే కట్టిన."

వాన చప్పుడుకు సగం వినబడలేదేమో అని ఇంకోసారి చెప్పింది. లచ్చిరాం కిందికి చూసుకున్నాడు.

"విప్పలే అన్నరు గదా, ఫోన్ల."

"అబద్ధం చెప్పిన."

"మరి ఈ జిడ్డు? ఈ మురికి?"

"నేనే రుద్దిన సార్."

ఆయన అరిస్తే బాగుండునని అనీసా ఎదురుచూసింది. ఆయన అరవలేదు. ముడి వదులుచేసి, టైని తల మీదినుంచి తీసి, కుట్టు మిషను మీద పెట్టాడు. మంచి బట్టను పెట్టినట్టే సవరించి పెట్టాడు. వానలోకి దిగి వెళ్లిపోయాడు.

మర్నాటినుంచి ఆయన వేరే దారిన బడికి పోయాడు. రబ్బరు పట్టీ టై వేసుకుని పోతున్నాడని ఎవరో నవ్వుతూ చెప్పారు. మనసు తేలికవుతుందని అనీసా అనుకుంది, కాలేదు. ముందు తన ఇంట్లోనే ఉన్న తప్పు ఇప్పుడు ఇంకో ఇంట్లో కూడా కూచుంది, అంతే.

ఆ వారంలోనే మంగ్లి వచ్చింది. కూచోమంటే కూచోలేదు.

"నువ్వు విప్పినందుకు నాకు కోపం లేదు. తెలువక విప్పినవు. తెచ్చిచ్చింది నేనే, ఆ పాపం నాది గూడ. మరి చెప్పుడెందుకు బిడ్డా? వాడు నవ్వుడు మొదలుపెట్టిండు. రొట్టె అడిగి తింటుండె. ఇప్పుడు గోడకు మొఖం పెట్టి పంటుండు. ఎవరి కోసం చెప్పినవు?"

ఆయన కోసం అని అనీసా చెప్పబోయింది, అది పూర్తిగా నిజం కాదు. తన కోసమే చెప్పుకున్నది. పొద్దున లేస్తే రొట్టె మింగుడు పడాలని, నమాజులో చేతులు చాచగలగాలని చెప్పుకున్నది. ఆ సంగతి మంగ్లి ముందు నిలబడ్డప్పుడే ఆమెకు తెలిసింది.

"మాఫ్ చెయ్యి పెద్దమ్మా" అంది.

"నన్నేంది అడుగుతవు" అని మంగ్లి వెళ్లిపోయింది.

దసరా సెలవులు వచ్చాయి, పోయాయి. టై షాపులోనే ఒక కవరులో ఉండిపోయింది. అనీసా దాన్ని ముట్టలేదు, ముడి విప్పలేదు, ఎవరితోనూ పంపలేదు. పంపితే ఏమని చెప్పి పంపాలో తెలియలేదు.

బడి తెరిచాక ఒక సాయంత్రం లచ్చిరాం వచ్చాడు. చిక్కిపోయి ఉన్నాడు. అనీసా లోపలి గది గడప దగ్గరే ఆగిపోయింది. ఆయన ఆమెను చూసి కూడా షుకూర్ వైపే తిరిగాడు.

"షుకూర్ భాయ్, నాకు టై కట్టుడు నేర్పుతవా? రబ్బరు టై చూసి పిల్లగాళ్లు నవ్వుతున్నరు."

షుకూర్ ఒకసారి భార్య వంక చూసి, కవరు తీసి ఆయన చేతికిచ్చాడు. లచ్చిరాం టై బయటికి తీసి ముడి వంక చూశాడు.

"మోతీది ఎడమ చేతి వాటం" అన్నాడు. ఎవరితో అంటున్నాడో తెలియకుండా అన్నాడు. "ఆమె కడితే ముడి ఇటు వాలేది. ఇది అటు వాలింది."

"బొమ్మల గట్లనే ఉండె గదా" అంది అనీసా, తనకు తెలియకుండానే.

"అది సెల్ఫీ అక్కా. కుడి ఎడమైతది."

మిషను మీద షుకూర్ చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

"అంటే మీకు..." అని అనీసా ఆగింది.

"మొదటి రోజే కొత్తగ అనిపించింది. తెల్వలే అని అనను. అనుమానం రాబోయింది, రానియ్యలే. ఖమ్మం నుంచి వచ్చేటప్పుడు బస్సుల ఎంత భయపడ్డనో నాకే తెలుసు. అది మోతీ కట్టిందే అని నమ్మాల్నని నమ్మిన." ఆయన ముడి లోపల వేలు పెట్టి లాగాడు. అనీసా కట్టిన ముడి తేలిగ్గానే విడిపోయింది. "మీ మీద కోపం పోయిందని చెప్తలేను. ఇంకా ఉన్నది. మా అమ్మ మిమ్మల్ని అన్నందుకు మాత్రం ఏమనుకోకుర్రి."

"అననియ్యుర్రి సార్. అనాల్సిందే."

షుకూర్ తన మెడలోని కొలత టేపు తీసి పక్కన పెట్టి, షాపులోని ఒక పాత టై తగిలించుకుని మెల్లగా చూపించాడు. పెద్ద కొస ఇటు, చిన్న కొస మీదుగా, వెనకనుంచి పైకి, ముందునుంచి కిందికి. లచ్చిరాం అద్దం ముందు నిలబడి అలాగే చేశాడు. మొదటిసారి ముడి ఊడిపోయింది. ఇంకోసారి చిన్న కొస పొట్టదాకా వేలాడింది. ఓపిగ్గా మళ్లీ మొదలుపెట్టాడు. చివరికి ఏదో ఒకలా నిలిచింది. ముడి పక్కకు ఒరిగి, కొస పొట్టిగా వచ్చింది.

"చాలు" అన్నాడు.

మెట్లు దిగబోతూ ఆగాడు. అనీసా గడప దాటి రెండడుగులు ముందుకొచ్చింది. ఆ ఒరిగిన ముడిని ఒక్క వేలితో సరిచెయ్యొచ్చు. చెయ్యి లేచింది కూడా. లేచిన చేతిని కొంగులోకి లాక్కుంది.

"పోయొస్త" అన్నాడు లచ్చిరాం. అక్కా అనలేదు. కానీ ఆ రోజునుంచి షాపు ముందు దారినే పోవడం మళ్లీ మొదలుపెట్టాడు. పొద్దున ఆయన పోయే వేళకు అనీసా ఏదో పని పెట్టుకుని గడపలో ఉంటుంది. ఆయన తలూపుతాడు. ఆమె తలూపుతుంది. ఒక్కోరోజు ఆయన చూడకుండానే పోతాడు. ఆ రోజు అనీసాకు మధ్యాహ్నం దాకా పని సాగదు. అయినా ఎందుకు చూడలేదని అనుకోదు. మర్నాడు పొద్దున మళ్లీ వచ్చి గడపలో నిలబడుతుంది.